తెలియనిదాని ఖర్చు ఎవరిది? భవన నిర్మాణంలో కాంట్రాక్టు పద్ధతులు

అందరికీ నమస్కారం.

సివిల్ చదువుతున్న విద్యార్థులు, ఆర్కిటెక్టులతో పాటు త్వరలో సొంతంగా పెద్ద బిల్డింగ్ కట్టించబోతున్నవాళ్లు కూడా కొందరు వచ్చారని నిర్వాహకులు చెప్పారు. ఇవాళ నేను చెప్పేది ఎక్కువగా వాళ్ల కోసమే. ఎందుకంటే కాంట్రాక్టు పద్ధతి ఎంచుకునేది ఓనరు. ఒకసారి ఎంచుకున్నాక ఆర్కిటెక్టయినా, ఇంజనీరయినా, కాంట్రాక్టరయినా దాని ప్రకారమే నడవాలి.

ప్రొక్యూర్‌మెంట్ అనగానే సైటులో పనిచేసేవాళ్లకి సిమెంటు, స్టీలు కొనే డిపార్ట్‌మెంట్ గుర్తొస్తుంది. నేను మాట్లాడేది దాని గురించి కాదు. డిజైన్ ఎవరు చేయాలి, ఎవరు కట్టాలి, కట్టేవాళ్లని ఎప్పుడు పిలవాలి, డబ్బు ఏ లెక్కన ఇవ్వాలి అన్న నాలుగు ప్రశ్నల గురించి. ఈ నాలుగింటికీ మీరు చెప్పుకునే జవాబే మీ ప్రొక్యూర్‌మెంట్ పద్ధతి.

ఏ బిల్డింగ్ అయినా మొదలుపెట్టేనాటికి మనకు తెలియనివి చాలా ఉంటాయి. నేల కింద ఏముందో పూర్తిగా తెలియదు. ఏడాది తర్వాత స్టీలు ధర ఎంత ఉంటుందో తెలియదు. రెండో అంతస్తు స్లాబ్ పడ్డాక ఓనరు మనసు మారుతుందేమో, అదీ తెలియదు. ప్రతి తెలియనిదానికీ ఒక ఖర్చుంది. అది ఎవరి నెత్తిన పడాలన్న దగ్గరే పద్ధతులన్నీ వేరవుతాయి.

ముందు అందరికీ అలవాటైన పద్ధతి చూద్దాం. ఆర్కిటెక్టు డిజైన్ పూర్తి చేస్తారు, డ్రాయింగులతో టెండరు పిలుస్తారు, వచ్చిన కొటేషన్లలో ఒకటి ఎంచుకుంటారు, కాంట్రాక్టరు కడతారు. డిజైన్-బిడ్-బిల్డ్ అంటారు దీన్ని. ఇందులో గొప్ప సుఖం ఏమిటంటే, ఏం కొంటున్నారో మీకు ముందే తెలుసు. అందరూ ఒకే డ్రాయింగు మీద ధర చెబుతారు కాబట్టి పోల్చుకోవడం తేలిక. డిజైన్ చేసినవాళ్లు మీ మనుషులుగానే ఉండి పని చూస్తారు. నాణ్యత మీద పట్టు మీ చేతిలోనే ఉంటుంది.

కష్టం ఎక్కడ వస్తుందో నేను పనిచేసిన ఒక బిల్డింగ్ సంగతి చెబితే తెలుస్తుంది. స్ట్రక్చర్ డ్రాయింగులు ఒక ఆఫీసు నుంచి, ఏసీ డ్రాయింగులు ఇంకో ఆఫీసు నుంచి వచ్చాయి. ఫ్లోర్‌కీ ఫ్లోర్‌కీ మధ్య ఎత్తు 3.6 మీటర్లు. బీమ్ లోతు స్లాబ్‌తో కలిపి 600 మిల్లీమీటర్లు. అంటే బీమ్ కింద 3 మీటర్లు మిగిలింది. ఆ బీమ్ కిందనుంచే ఏసీ డక్టు, అంటే చల్లగాలి వెళ్లే గొట్టం, పోవాలి. ఇన్సులేషన్‌తో కలిపి అది 450. ఫాల్స్ సీలింగ్ ఫ్రేము, లైట్లకి ఇంకో 150. ఇక మిగిలింది 2.4 మీటర్లు. ఆర్కిటెక్టు డ్రాయింగులో సీలింగ్ ఎత్తు 2.7 అని ఉంది! ఆ 300 మిల్లీమీటర్లు ఏ డ్రాయింగులోనూ కనబడలేదు. డక్టు బిగించే కుర్రాడు నిచ్చెనెక్కి టేపు పెట్టి చూస్తే బయటపడింది.

అప్పటికి మూడు స్లాబులు పడిపోయాయి. ఆర్కిటెక్టేమో కాంట్రాక్టరు ముందే చూసుకోవాల్సింది అన్నారు. డ్రాయింగు మీదే, మాకిచ్చింది మేం కట్టాం అన్నారు కాంట్రాక్టరు. ఉత్తరాలు నడిచాయి. ఆరు వారాలు ఆ పని ఆగింది. ఒక పెద్ద డక్టుని రెండు చిన్న డక్టులుగా మార్చి, అందుకు ఎక్స్‌ట్రా ఐటమ్ రాసి, ఓనరే డబ్బు కట్టారు. న్యాయంగా చూసినా అది ఓనరు కట్టాల్సిందే, ఎందుకంటే ఈ పద్ధతిలో డిజైన్ తప్పు కాంట్రాక్టరు దృష్టిలో ఓనరు తప్పే. ఆ తర్వాత ఓనరు కావాలంటే తన కన్సల్టెంట్‌తో తేల్చుకోవచ్చు. అదెంత తేలికో ఇక్కడున్న ఇంజనీర్లకి చెప్పక్కర్లేదు.

నాకు ఇప్పటికీ బాధగా ఉండేది ఒకటే. డక్టు బిగించే అనుభవమున్న మనిషి ఒక్కరు డిజైన్ టేబుల్ దగ్గర అరగంట కూర్చున్నా అది పట్టుకునేవారు. కానీ ఈ పద్ధతిలో కట్టేవాళ్లు డిజైన్ అయిపోయాకే లోపలికి వస్తారు. వాళ్ల తెలివి మనకు అందేసరికి కాంక్రీటు గట్టిపడి ఉంటుంది.

ఇదే పద్ధతిలో ధర కట్టే తీరులు రెండున్నాయి. మొత్తం పనికి ఒకే అంకె చెబితే లంప్ సమ్, మన మాటల్లో గుత్త. ప్రతి పనికీ రేటు చెప్పి, చేసినంత కొలిచి ఇస్తే ఐటమ్ రేట్. ఐటమ్ రేట్ చాలా న్యాయంగా కనిపిస్తుంది, పరిమాణాలు సరిగ్గా ఉంటే న్యాయమే కూడా. లేకపోతే ఏమవుతుందో చిన్న లెక్క చేద్దాం. పెన్ను ఉన్నవాళ్లు రాసుకోండి.

తవ్వకం పని. బిల్ ఆఫ్ క్వాంటిటీస్‌లో, అంటే పనుల పరిమాణాల పట్టికలో, మట్టి 5,000 ఘనపు మీటర్లు, రాయి 100 ఘనపు మీటర్లు అని వేశారు. మొదటి కాంట్రాక్టరు మట్టికి 10, రాయికి 40 రేటు వేశారు. మొత్తం 54,000. రెండో కాంట్రాక్టరు మట్టికి 9, రాయికి 80 వేశారు. మొత్తం 53,000. తక్కువ కాబట్టి పని రెండో కాంట్రాక్టరుకి వెళ్లింది. తవ్వితే మట్టి 3,800, రాయి 1,300 తేలాయి. తవ్విన మొత్తం అదే 5,100. ఇప్పుడు బిల్లు వేయండి. మొదటి కాంట్రాక్టరయితే 90,000 అయ్యేది. రెండో కాంట్రాక్టరుకి 1,38,200 కట్టాలి.

రెండో కాంట్రాక్టరు మోసం చేశారని నేను అనను. పక్క స్థలాల్లో తవ్వకాలు చూసి, కింద రాయి ఉంటుందని ముందే ఊహించి ఉండొచ్చు. మనం నేల పరీక్షకి బోర్ హోల్స్ సరిపడా వేయలేదు, ఆయన కళ్లు తెరుచుకుని చూశారు. టెండరు కాగితం మీద తక్కువగా ఉన్న అంకె చివరి బిల్లులో ఎక్కువ కావడానికి ఒక్క ఐటమ్ చాలు. నేల పరీక్షల మీద మిగుల్చుకున్న డబ్బు ఇలాగే ఎన్నో రెట్లు తిరిగి కట్టాల్సి వస్తుంది.

ఇక రెండో పెద్ద పద్ధతి డిజైన్ అండ్ బిల్డ్. డిజైనూ నిర్మాణమూ ఒకరికే అప్పగిస్తారు. నేను చెప్పిన డక్టు గొడవ ఇందులో ఓనరు దాకా రాదు. బీమూ డక్టూ గుద్దుకుంటే అది వాళ్ల ఇంటి తగువు. డిజైన్ పూర్తయ్యేలోపే పునాదులు మొదలుపెట్టొచ్చు, టైం కలిసొస్తుంది. ధర ముందే తెలుస్తుంది. వినడానికి ఇంత బాగుంటే అందరూ ఇదే ఎందుకు ఎంచుకోరు?

ఓనరు ఇక్కడ డ్రాయింగు కొనడం లేదు, మాటల్ని కొంటున్నారు. తనకేం కావాలో ఒక పత్రంలో రాసిస్తారు, దాన్ని బట్టే ధర వస్తుంది. అందులో 'మంచి నాణ్యత గల తలుపులు' అని రాశారనుకోండి. మంచి అంటే ఏమిటి? రోజుకి వంద మంది తోసుకువెళ్లే తలుపుకి ఎలాంటి హింజి ఉండాలి, తేమ తగిలే చోట ఏ లోహం వాడాలి, ఎన్నేళ్లు పనిచేయాలి, ఇవేవీ రాయలేదు. కాంట్రాక్టరు ఆ మాటకి సరిపోయే తలుపుల్లో అన్నిటికన్నా చవకది పెడతారు. గుత్త ధరకి ఒప్పుకున్నాక మిగిలిన ప్రతి పైసా తనదే కాబట్టి అలా చేయడం సహజం. ఏడాదికి హింజిలు తుప్పుపడతాయి. కాంట్రాక్టు తీసి చూస్తే తప్పేమీ కనిపించదు. అందుకే డిజైన్ అండ్ బిల్డ్‌కి వెళ్లే ఓనర్లకి నేనెప్పుడూ చెప్పేది, ఆ అవసరాల పత్రం రాయడానికి మంచి మనిషిని పెట్టుకోండి, ఆ ఫీజు దగ్గర బేరం ఆడొద్దు.

మధ్యేమార్గం ఒకటుంది. మీ ఆర్కిటెక్టు చేత డిజైన్ కొంతదూరం చేయించి, తర్వాత ఆ ఆర్కిటెక్టునే కాంట్రాక్టరుకి అప్పగిస్తారు. నొవేషన్ అంటారు. మీ మనసు తెలిసిన మనిషి కొనసాగుతారు, నిజమే. కానీ ఆ రోజు నుంచి ఆయనకి జీతం ఇచ్చేది కాంట్రాక్టరు. నిన్నటిదాకా మీ తరఫున మాట్లాడిన నోరు ఇవాళ అవతలి పక్షాన ఉంటుంది. మీ తరఫున చూసేందుకు వేరే మనిషి లేకుండా ఈ దారికి వెళ్లకండి.

టర్న్‌కీ అంటే డిజైన్ అండ్ బిల్డ్‌నే ఇంకా చివరిదాకా లాగడం. తాళంచెవి చేతికిచ్చేదాకా అన్నీ కాంట్రాక్టరువే. అంతర్జాతీయ కన్సల్టింగ్ ఇంజనీర్ల సమాఖ్య ఫిడిక్ 1999లో తెచ్చిన కాంట్రాక్టు నమూనాలని రంగులతో పిలుస్తారు. ఓనరు డిజైన్‌కి రెడ్ బుక్, కాంట్రాక్టరు డిజైన్‌కి యెల్లో బుక్, టర్న్‌కీకి సిల్వర్ బుక్. రెడ్, యెల్లోల్లో అనుభవమున్న కాంట్రాక్టరు కూడా ఊహించలేని నేల బయటపడితే ఆ భారం చాలావరకు ఓనరుది. సిల్వర్‌లో దాదాపు అదంతా కాంట్రాక్టరు మీదికే వెళ్తుంది. సిల్వర్‌లో ధర ఎక్కువగా వస్తోందని కొందరు ఓనర్లు ఆశ్చర్యపోతుంటారు. భారం మోయమన్నప్పుడు మోసేవాళ్లు కూలి అడుగుతారు కదా.

అడగకుండా మోస్తామనేవాళ్లని చూసి నేనింకా భయపడతాను. బ్రిటన్‌లో కారిలియన్ అనే పెద్ద నిర్మాణ సంస్థ 2018 జనవరిలో కుప్పకూలింది. దాని చేతిలో ఉన్న పనుల్లో రాయల్ లివర్‌పూల్ ఆసుపత్రి ఒకటి. 2017లో పూర్తి కావాల్సిన ఆ భవనం పని ఆగింది, స్ట్రక్చర్‌లో లోపాలు బయటపడ్డాయి, వాటిని సరిచేసి తెరిచేసరికి 2022 అయింది. కాగితం మీద రిస్కు కాంట్రాక్టరుకి బదిలీ అయింది. కాంట్రాక్టరే లేకుండా పోయాక అది తిరిగి ఆసుపత్రి కట్టించుకునేవాళ్ల గుమ్మంలోకే వచ్చింది. మోయలేని మనిషి నెత్తిన పెట్టిన బరువు మీ కాళ్ల మీదే పడుతుంది.

మూడోది కన్‌స్ట్రక్షన్ మేనేజ్‌మెంట్. ఇందులో ప్రధాన కాంట్రాక్టరు ఉండరు. పునాదులకి ఒకరు, కాంక్రీటుకి ఒకరు, అద్దాలకి ఒకరు, ఇలా పదుల కొద్దీ కాంట్రాక్టులు ఓనరే నేరుగా ఇస్తారు. ఫీజు తీసుకుని వాళ్లందరినీ నడిపించేందుకు ఒక మేనేజర్ సంస్థ ఉంటుంది. డిజైన్ నడుస్తుండగానే పని నడుస్తుంది, మార్పులు చేసుకోవచ్చు. ఆఖరి ప్యాకేజీ టెండరు తెరిచేదాకా మొత్తం ఎంతవుతుందో మాత్రం ఎవరూ గట్టిగా చెప్పలేరు.

స్కాట్లాండ్ పార్లమెంటు భవనం ఇలాగే కట్టారు. 1997లో ప్రభుత్వం చెప్పిన అంచనా కోటి నుంచి 4 కోట్ల పౌండ్లు. 2001కి అవ్వాల్సింది. 2004 అక్టోబరులో ప్రారంభించేనాటికి ఖర్చు 41 కోట్ల పౌండ్లు దాటింది. అంతా ఈ పద్ధతి వల్లే అయిందని చెప్పడం అన్యాయం. కావాల్సిన వైశాల్యం పెరిగింది, భద్రతా అవసరాలు పెరిగాయి, 2000లో ఆర్కిటెక్టు ఎన్రిక్ మిరాలెస్ చనిపోయారు. అయినా ఈ భవనం మీద తర్వాత జరిగిన లార్డ్ ఫ్రేజర్ విచారణ ఈ పద్ధతి ఎంపికనే గట్టిగా తప్పుపట్టింది. రిస్కంతా ప్రజల డబ్బు మీదే ఉంటుందన్న సంగతి నిర్ణయం తీసుకున్నవాళ్లకి సరిగ్గా అర్థం కాకుండానే అది జరిగిపోయింది. అనుభవమున్న ఓనరు, రోజూ నిర్ణయాలు తీసుకోగల ఓనరు, ఖర్చు పెరిగితే తట్టుకోగల ఓనరు అయితేనే ఇది నప్పుతుంది.

దీని తమ్ముడిలాంటిది కన్‌స్ట్రక్షన్ మేనేజర్ ఎట్ రిస్క్. మేనేజరే ఒక దశ దాటాక గరిష్ఠ ధరకి హామీ ఇస్తారు. ఆ హామీ డిజైన్ ఎంతవరకు వచ్చాక ఇచ్చారో చూసుకోండి. ముప్పై శాతం డిజైన్ మీద ఇచ్చిన హామీలో బోలెడు మినహాయింపులు ఉంటాయి.

తొందర గురించి ఒక మాట. సిడ్నీ ఒపేరా హౌస్ పని 1959లో మొదలుపెట్టినప్పుడు పైకప్పు రెక్కల్ని ఎలా కట్టాలో ఎవరికీ తేలలేదు. రాజకీయంగా తొందర ఉంది కాబట్టి కింది కట్టడం మొదలుపెట్టేశారు. తీరా కప్పు డిజైన్ తేలాక, దాని బరువుకి ముందే కట్టిన స్తంభాలు సరిపోక కొన్నిటిని కూల్చి మళ్లీ కట్టాల్సి వచ్చింది. 70 లక్షల డాలర్ల అంచనా 10 కోట్ల 20 లక్షలైంది, నాలుగేళ్లు అనుకున్నది 1973 దాకా సాగింది. ప్రపంచం మెచ్చిన భవనమే, కాదనను. కానీ డిజైనూ పనీ ఒకదాని మీద ఒకటి నడిపేటప్పుడు పైనుంచి వచ్చే బరువు తెలియకుండా కింది పని మొదలుపెట్టకూడదని ఆ స్తంభాలు చెబుతాయి.

మరి కట్టేవాళ్లని ముందే పిలిస్తే? ఎంపైర్ స్టేట్ బిల్డింగ్ స్ట్రక్చర్ పని 1930 మార్చిలో మొదలై 1931 మే 1న భవనం తెరుచుకుంది. పద్నాలుగు నెలలు కూడా పట్టలేదు. మాంద్యం వల్ల ధరలు పడ్డాయి, మనుషులు దొరికారు, అదీ కలిసొచ్చింది. కానీ స్టారెట్ సోదరుల నిర్మాణ సంస్థ మొదటినుంచీ ఆర్కిటెక్టులతో ఒకే బల్ల దగ్గర కూర్చుంది. ఏ వస్తువు ఎలా పైకి వెళ్లాలి, ఎక్కడ దించాలి అన్నవి గీత గీసేటప్పుడే ఆలోచించారు.

బ్రిటన్‌లో నిర్మాణ రంగం మీద 1994లో వచ్చిన లేథమ్ నివేదిక, 1998లో ఈగన్ నివేదిక చెప్పిందీ దాదాపు ఇదే: కొట్లాటలు తగ్గించండి, కలిసి పనిచేయండి, తక్కువ ధరనే పట్టుకు వేలాడకండి. దాన్ని పెద్ద ఎత్తున చేసి చూపింది లండన్ హీత్రూ విమానాశ్రయం ఐదో టెర్మినల్. సుమారు 430 కోట్ల పౌండ్ల పని. రిస్కు మాదే అని విమానాశ్రయ సంస్థే ఒప్పుకుంది. సరఫరాదారులకి అయిన ఖర్చు, ముందే ఒప్పుకున్న లాభం ఇచ్చారు. తప్పెవరిదని వెతికే బదులు సమస్య ఎలా తీరుతుందన్న దాని మీద మనుషులు కూర్చోగలిగారు. ఆ భారీ కప్పులో ఒక భాగాన్ని సైటుకి తెచ్చేముందు యార్క్‌షైర్‌లో నేలమీదే బిగించి చూశారు. ఎక్కడ ఇబ్బందో అక్కడే తెలిసింది, సైటులో టైం మిగిలింది. గుత్త ధరకి పనిచేసే కాంట్రాక్టరు తన జేబులోంచి అలాంటి రిహార్సల్ చేస్తారా? 2008 మార్చిలో తెరిచిన రోజు సామాన్ల విషయంలో పెద్ద గందరగోళమైంది, అది మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. నిర్మాణం మాత్రం అనుకున్న ఖర్చులో, అనుకున్న టైంకి అయింది.

ఇలాంటి ఒప్పందాల్లో లాభనష్టాలు పంచుకునే లెక్క ఒకటుంటుంది. అంచనా 100 అనుకోండి. 94కే అయితే మిగిలిన 6 చెరి సగం, ఓనరు కట్టేది 97. 110 అయితే పెరిగిన 10 చెరి సగం, ఓనరు కట్టేది 105. ఇద్దరికీ ఖర్చు తగ్గించాలనే ఉంటుంది. అయితే లెక్కల పుస్తకాలు పూర్తిగా తెరిచి చూపించాలి, వాటిని చదవగలిగే మనిషి ఓనరు దగ్గర ఉండాలి. ఆ మనిషి లేకపోతే ఇది ఖాళీ చెక్కు అయిపోతుంది.

చిన్న బిల్డింగులకి ఇంత హంగామా అక్కర్లేదు. నాకు బాగా నచ్చేది రెండు దశల టెండరు. మొదటి దశలో అనుభవం, టీమ్, ఓవర్‌హెడ్, లాభం శాతం చూసి కాంట్రాక్టరుని ఎంచుకుంటారు. కొన్ని నెలలు ఫీజు ఇచ్చి డిజైన్‌లో కూర్చోబెట్టుకుంటారు. డిజైన్ ముగిశాక అప్పుడు ధర తేల్చుకుంటారు. ధర కుదరకపోతే విడిపోయే హక్కు మొదటి ఒప్పందంలోనే రాసుకోవాలి, అప్పటిదాకా చేసిన డిజైన్ మీదే అని కూడా రాసుకోవాలి. లేకపోతే రెండో దశలో బేరమాడే బలం మీకుండదు.

నేను అసలు ఒప్పుకోనిది మాత్రం ఒకటుంది. సగం డ్రాయింగులతో గుత్త టెండరు పిలవడం. ఇది రోజూ జరుగుతోంది, రోజూ మనుషులు నష్టపోతున్నారు. గీయని గీతలకి కాంట్రాక్టరు ధర ఎలా చెబుతారు? భయపడితే ఎక్కువ వేస్తారు, పని కావాలనుకుంటే తక్కువ వేసి తర్వాత అదనపు డబ్బు కోసం క్లెయిములు పెడతారు. రెండు రకాలుగానూ డబ్బు మీదే.

ఇక ప్రశ్నలు అడగండి.

(ప్రశ్న: మేడమ్, అయితే అందరికన్నా తక్కువ కోట్ చేసినవాళ్లకి ఇవ్వకూడదంటారా?)

ఇవ్వొచ్చమ్మా, ఎందుకు తక్కువో అర్థమైతే. మిగతావాళ్ల కంటే బాగా తక్కువ ఉంటే కూర్చోబెట్టి అడగండి. ఏ ఐటమ్ మర్చిపోయారో, ఏ రేటు మరీ ఎక్కువ వేశారో చూడండి. సొంత షట్టరింగ్ సామాను ఉందనో, పక్కనే ఇంకో సైటు నడుస్తోందనో చెబితే అది నిజమైన కారణం. కారణం చెప్పలేకపోతే ఆ పొదుపు మీకు అందదు.

(ప్రశ్న: మేం నాలుగంతస్తుల ఆఫీసు బిల్డింగ్ కట్టించుకుంటున్నాం. ఇంతకు ముందు అనుభవం లేదు. తొందర కూడా లేదు. ఏ పద్ధతికి వెళ్లమంటారు?)

తొందర లేదన్నారు చూశారా, మీ చేతిలో ఉన్న పెద్ద ఆస్తి అదే. డిజైన్ పూర్తి చేయించుకుని గుత్త టెండరుకి వెళ్లండి. దానికి ముందు మూడు పనులు చేయండి. నేల పరీక్ష ప్రతి మూలలోనూ, మధ్యలోనూ చేయించండి. స్ట్రక్చర్, ప్లంబింగ్, ఎలక్ట్రికల్, ఏసీ డ్రాయింగులన్నీ ఒకదాని మీద ఒకటి పెట్టి చూడమని ఒక మనిషికి బాధ్యత అప్పగించి, దానికి ఫీజు ఇవ్వండి. ఇక ఇలాంటి బిల్డింగులు కట్టిన సైట్ ఇంజనీరుని ఒకర్ని రెండు రోజులు పిలిచి, ఆ డ్రాయింగుల ముందు కూర్చోబెట్టండి. ఏ ఫ్లోర్‌లో సీలింగ్ పైన ఎన్ని మిల్లీమీటర్లు మిగులుతాయో ఆయన చేతే రాయించుకోండి.